హొసూరు, కృష్ణగిరి సీమలో కల్లు: వాసనలు, వాని కారణములు, చరిత్ర

ద్రాక్షాసవమునందు పుట్టు దుర్గంధములను గుర్తించి, ఏ గంధమున కేది కారణమో నిర్ణయించుట పాశ్చాత్యదేశములలో నొక శాస్త్రముగ పెరిగినది. ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రేలియా దేశముల విశ్వవిద్యాలయములలో దీనిని బోధించుచున్నారు. మన సీమలో ద్రాక్షాసవము సామాన్యజనుల పానీయముగ నెన్నడును లేదు. ఇచ్చట పులిసిన పానీయమనగా కల్లు. ఈత, తాడి, కొబ్బరి చెట్ల తీపినీరు పులిసి మధువగుటకును, ద్రాక్షరసము పులిసి ఆసవమగుటకును మూలసూత్ర మొక్కటియే. చెడిపోవు మార్గములును చాలవర కొక్కటియే. కాని హొసూరు, కృష్ణగిరి ప్రాంతముల కల్లును గూర్చి వ్రాసినవారు చట్టములను, వేలములను, పన్నుల లెక్కలను గూర్చి వ్రాసినంతగా అంగడి ముందు నిలిచిన మనుష్యుని ముక్కును గూర్చి వ్రాయలేదు. సరకు వెల యా ముక్కు చెప్పినదానిపై నాధారపడెడిది. ఒక్కొక్కప్పుడు ప్రాణమును అట్లే.

ముందుగా సీమను గూర్చి రెండు మాటలు. హొసూరు, డెంకణికోట ప్రాంతములు మైసూరు పీఠభూమిలో చేరిన మెట్టభూములు. కృష్ణగిరి వాని దిగువన నున్నది. పాత దస్తావేజులలో ఎగువభాగమునకు బాలాఘాటు అనియు, దిగువభాగమునకు బారామహలు అనియు పేళ్లు. బారామహలు 1792 శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తానునుండి ఈస్టిండియా కంపెనీకి వచ్చెను. హొసూరు ప్రాంతము 1799 లో టిప్పు మరణానంతరము వచ్చెను. రెండును సేలము జిల్లాలో చేర్పబడి, 1965 లో ధర్మపురి జిల్లా యేర్పడినపుడు దానిలోనికి పోయి, 2004 నుండి కృష్ణగిరి జిల్లాగ నిలిచినవి. తెలుగు, తమిళ, కన్నడములు మూడును ఒకే వీథిలో వినవచ్చు తావులలో నిది యొకటి.

ఆ మూడు భాషల కలయిక వాసనల విషయమున నొక చమత్కారమును చూపుచున్నది. కన్నడమున ‘కంపు’ అనగా పరిమళము. తెలుగున ‘కంపు’ అనగా నేడు దుర్గంధమే. తెలుగుననే పూర్వకవులు ఈ మాటను మంచివాసనకు వాడిన సందర్భములు కలవు. తమిళమున ‘నాట్రము’ అను శబ్దము ప్రాచీనకాలమున సువాసనను గూడ చెప్పెడిది. నేటి వాడుకలో అది ముక్కు మూసికొనదగినదాని కైనది. హొసూరు సంతలో ఒకే కుండను మూగిన ముగ్గురిలో నొకడు ‘కంపు’ అన్నచో, తక్కిన ఇరువురును ఆతని మాతృభాషను తెలిసికొనిగాని తలయూపరాదు. వాసనకు మంచిచెడ్డలు వస్తువునందే యున్నవా, అలవాటునందున్నవా యను ప్రశ్నకు ఈ మాటయే తొలి సాక్ష్యము.

తెలుగువారు చెడువాసనల నన్నింటిని ఒకే మాటతో చెప్పి యూరకుండలేదు. తడి తగిలి నిలువయున్న బియ్యమునకు ముక్కిన వాసన. మాడిన నూనెకు, వెండ్రుకకు కమురు. చేపకు, పచ్చిగ్రుడ్డునకు నీచు. కడుగని నోటికి, నిలిచిన నీటికి పాచి. నలిపిన ఆకునకు పసరు. నిలువ నేతికి చిరుచేదుతో గూడిన చమురు కంపు. ఇవి గాక మురుగు, గబ్బు, కుళ్ళు. ఐరోపాలో ద్రాక్షాసవపు పరీక్షకులు ఇట్టి పదములను నిర్ణయించికొనుటకు ఇరువదవ శతాబ్దమున ప్రత్యేకముగ పట్టికలు వ్రాసికొనవలసి వచ్చెను. మన ఇండ్లలో నవి వంటయింటి మాటలుగనే కలవు.

ఇక చెట్టు. ఎగువభూములలో వాగుల గట్లపైన, పల్లపు నేలలలోను ఈతచెట్లు హెచ్చు. దిగువన కొబ్బరి, తాడి చేరును. తెలుగు, కన్నడ ప్రాంతములలో ఈడిగవారును, తమిళప్రాంతమున నాడారులును ఈ వృత్తికి ప్రసిద్ధులు. ఈతచెట్టును మొవ్వు క్రింద చెక్కి, ఆ గాయమునుండి కారు నీటిని కుండలోనికి పట్టుదురు. తాటిచెట్టునకైనచో గెలను కట్టి కొనను దినదినము కొంచెము కొంచెముగ కోయుదురు. ఈతను ఒక సంవత్సర మొకవైపున, మరుసటి సంవత్సరము రెండవవైపున గీయుట వాడుక గనుక, మ్రానుపై నిలిచిన గంట్లను లెక్కించినచో ఆ చెట్టును ఎన్ని యేండ్లు గీసిరో చెప్పవచ్చును. కత్తి కొంచెము లోతుగ దిగినను చెట్టు చచ్చును. పైపైన నిలిచినచో నీరు రాదు. ఈ విద్య తండ్రినుండి కొడుకు నేర్చినదే గాని పుస్తకమున చదివినది గాదు.

చెట్టునుండి వచ్చు నీటిలో నూటికి పదినుండి పదునైదు పాళ్లవరకు చక్కెర యుండును. అది కారునపుడు మధురముగ, దాదాపు వాసన లేక యుండును. కుండ గోడకు అంటియున్న వెనుకటి మడ్డినుండి, గాలినుండి, ఈగల కాళ్లనుండి ఈస్టు జీవములు దానిలో చేరి, చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. రాత్రి పట్టిన నీరు తెల్లవారుసరికి నురుగు కట్టును. మధ్యాహ్నమునకు నూటికి నాలుగైదు పాళ్ల మద్యసారము చేరును. కల్లునకు వయస్సును గంటలతో లెక్కింపవలెను, ద్రాక్షాసవమునకువలె ఏండ్లతో గాదు. వేకువన పసరును తీపియు గలసిన లేతవాసన, ప్రొద్దెక్కిన పిమ్మట పులిసిన పిండి వాసన, సాయంకాలమునకు పుల్లని ఘాటు, మరునాటికి ముక్కు మూసికొనవలసిన కాడి. ద్రాక్షాసవము పదియేండ్లలో నడచు దారిని కల్లు ఒక్క పగటిలో నడచును. కావున ఆసవపు దోషములను నేర్చుకొనగోరువానికి కల్లుకుండను మించిన బడి లేదనిన అతిశయోక్తి గాదు.

కుండలోపల సున్నము పూసినచో ఈస్టు పెరుగదు, నీరు పులియదు. అదియే తమిళులు పదనీరు అనునది. గాంధీమహాత్ముని అనుయాయులు నీరా అను పేర ప్రచారము చేసినదియు నట్టిదే. ‘తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు’ అను సామెత చూచువాని కన్నును నమ్మి చెప్పినది. ముక్కు నడిగినచో పాలకును, పదనీటికిని, కల్లునకును భేదము క్షణములో తెలియును.

ఇంక దోషములలో మొదటిది పుల్లని కాడి వాసన. ఇది ఎసిటిక్ ఆమ్లముచేత పుట్టును. మద్యసారమును ఈ ఆమ్లముగ మార్చు సూక్ష్మజీవులకు గాలి యవసరము. కనుకనే నోటిదాక నిండిన కుండకంటె సగము ఖాళీ యైన కుండ త్వరగ పులియును. ఈ పులుపుతోబాటు ఇథైలు ఎసిటేటు అను పదార్థము పుట్టినచో గోళ్ల రంగును, వార్నీషును తలపించు ఘాటు వచ్చును. చాలమంది పులుపు దోషమని తలచి ఫిర్యాదు చేయునది నిజమునకు ఈ రెండవదానినే. గోవాలో ఇదే కాడిని వంటలకు వాడుదురు. ఆయుర్వేదమున చెడి పులిసిన మద్యమునకు శుక్తమని, చుక్రమని పేళ్లిచ్చి ఔషధములలో చేర్చిరి. ఒకనికి చెడిన సరకు వేరొకనికి వేరు సరకు.

రెండవది కుళ్ళిన గ్రుడ్ల వాసన. ఇది హైడ్రోజను సల్ఫైడు. ఈస్టునకు తగినంత నత్రజని యాహారము దొరకనపుడు అది రసమునందలి గంధకపు లవణములను విఱిచి ఈ వాయువును విడుచును. తాళజాతి చెట్ల నీటియందు పెరుగు జైమోమోనాసు అను సూక్ష్మజీవికిని ఈ గుణము కలదు. అదియే ఇంగ్లండునందు ఆపిలు మధువును చెఱచి, అరటితొక్క కుళ్ళిన వాసనను పుట్టించునని కనుగొనిరి. ద్రాక్షాసవమున ఈ గంధకవాసన సోకినదో లేదో తెలిసికొనుటకు పరీక్షకులు గిన్నెలో రాగినాణెమును వేయుదురు. వాయువు రాగితో గలిసి సల్ఫైడై నిలిచిపోగా వాసన తొలగును. కాలము గడచి గంధకము వేరొక రూపమునకు మారినచో రాగి పనిచేయదు. అప్పు డది ఉల్లి, వెల్లుల్లి, కుళ్ళిన కోసుకూర వాసనలుగ మారును. ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. ఈ వాయువు ముక్కును త్వరగ మొద్దుబార్చును. కుండపై మూతిపెట్టి నాలుగుసార్లు పీల్చినవానికి నాలుగవసారి ఏమియు తోచదు. ఒక్కమారు పీల్చి, తల ప్రక్కకు త్రిప్పి, స్వచ్ఛమైన గాలిని పీల్చి, పిమ్మట తిరిగి చూడవలెను.

మూడవది కమిలిన ఆపిలు వాసన. గాలి తగిలి మద్యసారము ఎసిటాల్డిహైడుగ మారగా నిది పుట్టును. నాలుగవది మజ్జిగ, వెన్న వాసన. లాక్టిక్ జీవులు చేయు డయసిటైలు దీనికి కారణము. కొంచెమైనచో హితము, హెచ్చినచో వెగటు.

ఎలుకవాసన యను దోషము మిగుల విచిత్రమైనది. గిన్నెను ముక్కువద్ద పెట్టినపుడు ఏమియు తెలియదు. మ్రింగిన పిమ్మట కొన్ని క్షణములకు నోటినుండి పైకి వచ్చును. దీనికి కారణమైన పదార్థములు ఆమ్లమునందు బంధింపబడియుండి, ఉమ్మితో కలిసి ఆమ్లము తగ్గినపుడు మాత్రమే వాసన నిచ్చును. అరచేత రెండు బొట్లు వేసి రుద్ది చూచుట పరీక్షకుల యుపాయము. చర్మము ఆ పనిని ఉమ్మికి బదులు చేయును.

గుఱ్ఱపుసాల వాసన యొకటి కలదు. దానికి కారణమైన ఈస్టును 1904 లో కోపెనుహేగనునందలి కార్లుసుబెర్గు ప్రయోగశాలలో క్లాసెన్ అను పండితుడు ఆంగ్లేయుల బీరునుండి వేరుచేసి, బ్రెటనోమైసిస్ అని పేరు పెట్టెను. అది చేయు ఇథైలు ఫీనాలు అను పదార్థము చెమటపట్టిన గుఱ్ఱపు జీనును, గుఱ్ఱపుసాలను తలపించును. మత్తిగిరియందు పందొమ్మిదవ శతాబ్దమున సైన్యమునకు గుఱ్ఱములను సిద్ధముచేయు డిపో యొకటి యుండెను గనుక, హొసూరువారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేకుండెడిది. ఫ్రాన్సుదేశమున కొన్నిచోట్ల ఈ వాసన కొంచెము సోకిన సరకును పాతకాలపు ప్రతిష్ఠగ భావించి హెచ్చువెలకు కొనినవారును కలరు.

ముక్కిన వాసనను మాత్రము ఎవ్వరును ప్రతిష్ఠగ భావింపలేదు. సీసాకు బిగించు బెండుబిరడాలో బూజు చేరి, ఆ బూజు క్లోరినుతో కలిసిన పదార్థములనుండి ట్రైక్లోరోయానిసోలు అనుదానిని చేయును. 1980 తరువాతి తొలియేండ్లలో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. లక్షకోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు కలిసినను మనుష్యుని ముక్కు పట్టగలదు. ఆసవమున ఇంతటి సూక్ష్మము ముక్కునకు తెలియుట ఆశ్చర్యము. తడిసిన గోనెసంచిని, ముక్కిన బియ్యమును ఎఱిగిన తెలుగు గృహిణికి పరీక్షలో నిది మొదట పట్టుబడును. కల్లునందు బెండుబిరడా లేదు గాని, సరిగా కాల్చి కడుగని కుండనుండి బూజువాసన వచ్చుట కలదు. అందుచేతనే కుండలను వేడినీళ్లతో కడిగి, పొగపట్టించి, ఎండబెట్టుట గీతగాండ్ర యాచారము. చీమలు, కందిరీగలు, తేనెటీగలు కుండలో పడి చచ్చుటవలన వచ్చు నీచు వాసనకు వడగట్టు గుడ్డయే మందు.

ఈ దోషములను మన పూర్వులు ఎట్లు చూచిరి? కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని యధ్యాయమొకటి కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు విధములను చెప్పి, వాని పాళ్లను వివరించి, మధువు ద్రాక్షరసమని, అది కాపిశాయనము, హారహూరకము అని దేశనామములచే పిలువబడునని చెప్పెను. చెడిన సురను గూర్చి ఆయన విధించినది చదువరులు గమనింపదగినది. దానిని వేరొకచోట నమ్మించవలెను. లేదా దాసులకును, పనివాండ్రకును కూలిగ నీయవలెను. కానిచో బండిలాగు పశువులకు పట్టవలెను, పందులను పోషింపవలెను. పనివాండ్రు పశువుల పంక్తిలో నుంచబడిరి. గంధమాల్యములతో, ఋతువునకు తగిన సుఖములతో పానశాల నలంకరింపుమని చెప్పిన గ్రంథమే ఈ మాటను చెప్పినది. ముక్కు నచ్చనిది పేదవానికి చాలునను నియమము కౌటిల్యునితో అంతమైనది గాదు.

కారణములను మొదట శాస్త్రీయముగ విచారించినవాడు లూయీ పాశ్చరు. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను కోరికపై 1863 లో ఆయన ద్రాక్షాసవపు రోగములను పరిశోధింప మొదలిడి, 1866 లో ఆ విషయమై గ్రంథమును ప్రకటించెను. పులియుట, చేదగుట, జిగటయగుట మొదలగు ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క సూక్ష్మజీవి కారణమని సూక్ష్మదర్శినితో చూపెను. గాలి తగులకుండ ఏబదినుండి అరువది డిగ్రీల వేడిమికి తెచ్చినచో ఆ జీవులు నశించునని చెప్పెను. నేడు మన పాలను కాపాడుచున్నది ఆ యుపాయమే. పాలకంటె ముందు అది ద్రాక్షాసవమునకు పుట్టినదని చాలమంది యెఱుగరు.

అలవాటు దోషమును నిర్ణయించుననుటకు హొసూరు సరిహద్దునకు ఆవల నొక యుదాహరణ కలదు. బెంగళూరు, చిక్కబళ్ళాపురము, కోలారు ప్రాంతములలో పండు బెంగళూరు నీలిద్రాక్ష అమెరికాదేశపు లాబ్రుస్కా జాతికి చెందినది. 2013 లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. ఈ జాతి ద్రాక్షలో మిథైలు ఆంత్రనిలేటు అను పదార్థ ముండును. ఐరోపా పరీక్షకులు దాని వాసనకు నక్కవాసన యని పేరిడి, దానితో చేసిన ఆసవమును దోషముగలదని త్రోసివైచిరి. మన పిల్లలకు అదియే ద్రాక్షపండు వాసన. మిఠాయిలలో, పానీయములలో ద్రాక్షవాసన కొఱకు చేర్చునదియు నదియే. హైదరాబాదు అనాబెషాహీ ద్రాక్ష వినిఫెరా జాతిది గనుక దానికి ఈ వాసన లేదు. హొసూరు అంగడిలో రెండు పండ్లను ప్రక్కప్రక్కన పెట్టి ఏది అసలైన ద్రాక్షవాసన యని అడిగినచో, వచ్చు సమాధానము ఫ్రెంచి పరీక్షకునికి నచ్చకపోవచ్చును. అంతమాత్రమున అది తప్పు గాదు.

ఇక రాజ్యము ఈ కుండపై చేయివేసిన కథ. టిప్పు సుల్తాను తన రాజ్యమున మద్యమును నిషేధింప యత్నించినట్లు చరిత్రకారులు వ్రాయుదురు. అప్పుడు బారామహలు ఆతని రాజ్యభాగమే. కంపెనీ వచ్చిన పిమ్మట కెప్టెన్ అలెగ్జాండర్ రీడు, ఆతని సహాయకుడు తామస్ మన్రో ఇచ్చట భూమిశిస్తును నిర్ణయించిరి. కల్లు, సారాయిలపై రాబడి ప్రభుత్వమున కొక స్థిరమైన ఆధారమైనది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టముతో ఆ రాబడి కట్టుదిట్టమైనది. గీయుటకు గుర్తువేసిన చెట్టునకు చెట్టుపన్ను, అమ్ముటకు అంగడి వేలము. చెట్టునెక్కువాడొకడు, అంగడిని పాడుకొనువాడొకడు అగుటతో, తెల్లవారుజామున దించిన కల్లు సాయంకాలమువరకు అమ్ముడుపోవలసి వచ్చెను. పులిసిన వాసనను కప్పుటకు తీపి కలుపుట, నీళ్లు కలుపుట, మత్తునకు మందులు కలుపుట ఇట్టి యేర్పాటులో పెరుగుట సహజము.

హొసూరు సమీపమున తొరపల్లిలో 1878 లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి ఈ కథలో ముఖ్యపాత్ర. ఆయన సేలములో న్యాయవాదియై, పురపాలకసంఘాధ్యక్షుడై, 1925 లో తిరుచెంగోడు వద్ద గాంధీ ఆశ్రమమును స్థాపించి, 1929 లో మద్యనిషేధప్రచారమునకే ‘విమోచనము’ అను తమిళపత్రికను నడపెను. కల్కి కృష్ణమూర్తి దానిలో ఆయనకు సహాయకుడు. 1937 లో మద్రాసు రాజధాని ప్రధానియైన వెంటనే, అక్టోబరు 1 వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును అమలుపరచెను. హొసూరు, కృష్ణగిరి తాలూకాలు ఆ జిల్లాలోనివే యగుటచే, ఆయన పుట్టిన యూరికే ఆ చట్టము మొదట వచ్చినట్లైనది. మరుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలకు, 1939 లో ఉత్తర ఆర్కాటునకు వ్యాపించినది. రాజధాని రాబడిలో దాదాపు నాల్గవవంతు ఆబ్కారీనుండి వచ్చుచుండగా, ఆ లోటును పూడ్చుటకు 1939 లో అమ్మకపు పన్ను పుట్టినది. నేడు ప్రతి కొనుగోలుపై చెల్లించు పన్నునకు పూర్వికుడు కల్లుకుండ పగిలినచోటనే పుట్టెనన్నమాట.

యుద్ధకాలమున సలహాదారుల ప్రభుత్వము నిషేధమును నిలిపివేసెను. 1946 లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము కొన్ని జిల్లాలలో తిరిగి మొదలిడగా, 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని యంతట వ్యాపించెను. గీత వృత్తిగలవారి కష్టమును ప్రభుత్వము మఱువలేదు. సున్నపు కుండలలో తీపినీరు పట్టి బెల్లము వండుకొనుటకు మార్గము కల్పించెను. కాని బెల్లపు వెల కల్లు వెలకు సాటిగాదు. తరతరములుగ ఏ గంటలో ఏ వాసన వచ్చునో ఎఱిగిన ముక్కులకు అకస్మాత్తుగ పని లేకపోయినది. నిషేధము పేదయిండ్లలో కూడు మిగిల్చినదనుట యెంత సత్యమో, ఇదియు నంత సత్యము. 1971 లో తమిళనాడు నిషేధమును సడలించి, 1974 నాటికి మరల బిగించి, 1981 లో మరల సడలించెను. 1987 నుండి కల్లును మాత్రము పూర్తిగ నిషేధించెను. సీసా మద్యమును ప్రభుత్వ సంస్థయే అమ్ముచున్నది. ఇరువదినాలుగు గంటలలో కాడియగు పానీయము నిషిద్ధమై, ఏండ్లు నిలువయుండు పానీయము ప్రభుత్వాదాయమైనది. ఈ భేదమునకు న్యాయము చూపుట కష్టము.

వాసనల చరిత్రలో ప్రభుత్వము చేసిన చేర్పు మఱియొకటి కలదు. అది బుద్ధిపూర్వకముగ చేసిన దుర్గంధము. పరిశ్రమలకు పన్నులేక ఇచ్చు స్పిరిటును ప్రజలు త్రాగకుండుటకై, బ్రిటిషు కాలమునుండి దానిలో పిరిడీను, రబ్బరును కాల్చి దింపిన నూనె చేర్చుట వాడుక. పిరిడీను వాసన కుళ్ళిన చేపను తలపించును. రోతచేతనే ప్రాణమును కాపాడవలెనని యా యేర్పాటు. నిషేధకాలమున కొందఱు వార్నీషును, ఫ్రెంచి పాలిషును త్రాగ దొడగుటతో ఆ కంచెయు దాటబడినది.

ఇచ్చట పైన చెప్పిన శాస్త్రమున కొక హద్దు కనబడుచున్నది. కాడి, కుళ్ళిన గ్రుడ్డు, గుఱ్ఱపుసాల, ఎలుక, బూజు: ఈ వాసనలు కల సరకు రుచి చెడినది, సాధారణముగ ప్రాణము తీయునది గాదు. ప్రాణము తీయునవి వాసన నీయవు. బంగ్లాదేశమున గబ్బిలములు ముట్టిన పచ్చి ఈతనీటిద్వారా నిపా రోగము వ్యాపించినట్లు నిర్ణయించిరి. ఆ నీటికి తేడా వాసన యేమియు లేదు. మిథైలు మద్యసారము, అనగా మిథనాలు, అంతకంటె మోసకారి. దాని వాసన మామూలు మద్యసారపు వాసనయే. కొంచెము తేలికయని చెప్పవచ్చునేమో గాని, త్రాగువాని ముక్కు ఆ భేదమును పట్టజాలదు. శరీరములోనికి పోయిన పిమ్మట అది ఫార్మాల్డిహైడుగను, పిమ్మట ఫార్మిక్ ఆమ్లముగను మారి కంటినరమును చెఱచును. పండ్రెండు మొదలు ఇరువదినాలుగు గంటలవరకు ఏమియు తోచకపోవచ్చును. పిమ్మట చూపు మంచుపట్టినట్లగుట, కడుపునొప్పి, ఊపిరి వేగమగుట కనబడును. అప్పటికైనను ఆసుపత్రికి చేరినచో విరుగుడు కలదు. ఫోమెపిజోలు అను మందుగాని, వైద్యుని పర్యవేక్షణలో శుద్ధమైన ఇథైలు మద్యసారముగాని ఇచ్చి, రక్తశుద్ధి చేయుదురు. నిద్రపోయిన దిగునని ఇంట పరుండబెట్టుటయే ప్రమాదము.

2007 జులై 1 నుండి కర్నాటకమున సారాయి నిషేధింపబడినది. 2008 మే నెలలో బెంగళూరు, కోలారు ప్రాంతములలోను, సరిహద్దున కీవల కృష్ణగిరి జిల్లాలోను కల్తీసారాయి త్రాగి 150 మందికి మించి మరణించిరి. మృతులలో పెక్కురు కూలిపనివారు. 2024 జూనులో కళ్లకురిచ్చిలో 60 మందికి మించి పోయిరి. అక్కడను మిథనాలే కారణము. చేపకంపుతో కాపాడజూచిన పిరిడీను శుద్ధ మిథనాలునందు లేదు. ఆంధ్ర తెలంగాణములలో కల్లున కలుపు క్లోరలు హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము మందులను గూర్చియు ఇదియే మాట. చెడిన కల్లును పట్టుటకు నేర్చిన ముక్కు వీనిని పట్టుటకు నేర్వలేదు, నేర్వజాలదు. వీనిని ప్రయోగశాలలో గ్యాసు క్రొమాటోగ్రాఫు యంత్రముతోనే నిర్ణయింతురు. హొసూరు సంతకు ఆ యంత్రము రాదు.

కృష్ణగిరి జిల్లా యుత్తరమున చిత్తూరుజిల్లా కుప్పము ప్రాంతమును తాకుచున్నది. గట్టు కీవల ఈతచెట్టును గీయుట నేరము. గట్టు కావల ఆంధ్రప్రదేశమున గీత సహకారసంఘములకు చట్టబద్ధమైన వృత్తి. రెండువైపులను ఒకే భాష, ఒకే చెట్టు. కల్లునిషేధమును తొలగింపవలెనని తమిళనాట రైతుసంఘములు పలుమారులు కోరినవి. ఆ కోరిక యింకను తీర్పునకు రాలేదు.